యాపిల్ జ్యూస్‌లో కనిపించని బూజు విషం.. గ్లాసులో ఎంత ఉంటే ప్రమాదం? ల్యాబ్‌లో ఎలా పట్టుకుంటారు?

సికింద్రాబాద్: వర్షాకాలం సాయంత్రం. స్టేషన్ దగ్గర దిగి మోండా మార్కెట్ వైపు నడిచారనుకోండి. కూరగాయలు, పూలు, పూజ సామాను దాటుకుంటూ వెళ్తే పండ్ల దుకాణాలు వస్తాయి. ముందు వరుసలో మెరిసే యాపిల్స్. పక్కన ఇంకో గంప ఉంటుంది. అందులో దెబ్బ తగిలినవి, మచ్చ పడినవి, ఒక వైపు మెత్తబడినవి. రేటు సగం కంటే తక్కువ. "ఏం కాదు, మచ్చ కోసేసి జ్యూస్ చేసుకోండి" అనే మాట మనందరం ఏదో ఒక మార్కెట్‌లో విన్నదే.

మరి నిజంగా ఏం కాదా? మచ్చ కోసేస్తే సరిపోతుందా? మిక్సీలో వేసి పంచదార, ఐస్ కలిపితే ఆ బూజు పోతుందా? చాలా మందికి తెలియని విషయం ఏంటంటే.. బూజు పోయినా, అది వదిలిన విషం జ్యూస్‌లోనే ఉండిపోవచ్చు. దాని పేరు ప్యాటులిన్. అది ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా పరీక్షిస్తారు, మన పిల్లల ఒంట్లోకి ఎంత వెళ్తుందో ఎలా లెక్కేస్తారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందే ఒక మాట. ఇది మోండా మార్కెట్ వ్యాపారుల మీద ఆరోపణ కాదు. మచ్చ పండ్ల గంప లేని పండ్ల మార్కెట్ దేశంలోనే ఉండదు. ఆ గంపలోని పండు చివరికి ఎక్కడికి వెళ్తుందన్నదే అసలు ప్రశ్న.

అసలు ఏంటీ ప్యాటులిన్?

యాపిల్ మీద నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో పొడిపొడిగా ఒక బూజు కనిపిస్తుంది. దాని శాస్త్రీయ నామం పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్. పండు తొక్కకు గీత పడినా, పురుగు తొలిచినా, పెట్టెలో ఒకదానికొకటి ఒత్తుకున్నా ఆ దెబ్బ నుంచి ఇది లోపలికి దిగుతుంది. పెరుగుతూ పెరుగుతూ ప్యాటులిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. బూజులు తయారు చేసే ఇలాంటి విషాలను మైకోటాక్సిన్లు అంటారు. వేరుశనగ, మిరప, మొక్కజొన్న రైతులకు బాగా తెలిసిన అఫ్లాటాక్సిన్ కూడా ఈ కుటుంబానిదే.

ప్యాటులిన్‌కు ఒక వింత చరిత్ర ఉంది. 1940వ దశకంలో దీన్ని మందుగా వాడాలని చూశారు. పెన్సిలిన్ లాగే ఇదీ బ్యాక్టీరియాను చంపుతుందని గమనించి, బ్రిటన్‌లో జలుబుకు మందుగా పరీక్షించారు. జలుబు మీద ఫలితం కనిపించలేదు. తర్వాత జంతువుల మీద ప్రయోగాల్లో ఇది విషపూరితమని తేలడంతో మందుల జాబితా నుంచి విషాల జాబితాలోకి మారింది.

ఎక్కువ మోతాదులో జంతువులకు కడుపులో, పేగుల్లో పుండ్లు, రక్తస్రావం కనిపించాయి. క్యాన్సర్ విషయానికొస్తే, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మూడో గ్రూపులో పెట్టింది. అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవు. కాబట్టి 'ఒక్క గ్లాసు తాగితే క్యాన్సర్' అంటూ వచ్చే ఫార్వర్డ్ మెసేజ్‌లను నమ్మకండి. అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. రోజూ కొంచెం కొంచెం, అదీ చిన్న పిల్లల ఒంట్లోకి వెళ్లడమే ఇక్కడ ఆలోచించాల్సిన విషయం.

ఫ్రిజ్‌లో పెడితే, మరిగిస్తే పోతుందా?

పోదు. ఇక్కడే చాలా మంది పొరబడతారు.

- చల్లదనం: ఈ బూజు సున్నా డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరగగలదు. కశ్మీర్, హిమాచల్ యాపిల్ ఆగస్టు నుంచి నవంబర్ దాకా తాజాగా వస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకే మార్కెట్‌కు వస్తుంది. స్టోరేజీ బూజును నెమ్మదింపజేస్తుంది, అంతే. బయటకు తీశాక మన ఎండకు, ఉక్కకు అదే బూజు వేగం అందుకుంటుంది.

- వేడి: జ్యూస్‌ను పాశ్చరైజ్ చేస్తే బూజు చచ్చిపోతుంది. కానీ పులుపు ఉన్న రసంలో ప్యాటులిన్ వేడిని బాగానే తట్టుకుంటుంది. ఇంట్లో ఒక పొంగు రానిచ్చినా పెద్దగా తేడా ఉండదు.

- మచ్చ కోయడం: ఇది పనికొచ్చే పనే. కుళ్లిన భాగం తీసేస్తే ప్యాటులిన్ చాలా వరకు తగ్గుతుంది. అయితే కుళ్లు చుట్టూ బాగున్నట్టు కనిపించే కండలోకి కూడా ఒకటి రెండు సెంటీమీటర్ల వరకు విషం పాకి ఉండొచ్చు. మచ్చ అంచు దగ్గర పలచగా చెక్కేస్తే సరిపోదు. ఒక్కోసారి పైకి నున్నగా ఉన్న పండుకే గింజల గది లోపల బూజు ఉంటుంది. కోసి చూస్తే గానీ తెలియదు.

- రుచి, వాసన: బాగా కుళ్లిన పండు వాసన మనకు తెలుస్తుంది. కానీ పది మంచి పండ్లలో ఒక పాడైన పండు కలిసి, పైన పంచదార, పాలు, ఐస్ పడితే నాలుకకు ఏమీ తెలియదు.

అంటే పండు మిక్సీలో పడిన తర్వాత మన చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. చేయాల్సిందంతా దానికి ముందే, పండ్లు ఏరే దగ్గరే చేయాలి.

పరిమితి ఎంత? రెండు కోట్లలో ఒక వంతు!

మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 నిబంధనల్లో దీనికి పరిమితి పెట్టింది. యాపిల్ జ్యూస్‌లో, ఇతర పానీయాల్లో కలిపే యాపిల్ జ్యూస్‌లో కిలోకు 50 మైక్రోగ్రాములకు మించి ప్యాటులిన్ ఉండకూడదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పరిమితి, అమెరికా పరిమితి కూడా అంతే. యూరప్‌లో చిన్న పిల్లల కోసం అమ్మే యాపిల్ జ్యూస్‌కు మాత్రం ఇంకా కఠినం.. కిలోకు 10 మైక్రోగ్రాములే.

50 మైక్రోగ్రాములంటే ఎంత? కిలో జ్యూస్‌ను రెండు కోట్ల సమాన భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. ఇంత చిన్న మొత్తం కంటితోనో నాలుకతోనో తెలిసే అవకాశమే లేదు. అందుకే ల్యాబ్ కావాలి.

ల్యాబ్‌లో ఎలా పట్టుకుంటారు?

మొదటి మెట్టు శాంపిల్. ఇక్కడ తప్పు జరిగితే ఎంత ఖరీదైన మెషిన్ ఉన్నా ఫలితం తప్పే. తాజా జ్యూస్‌ను మామూలు వేడిలో వదిలేస్తే పులుస్తుంది. పులియబెట్టే ఈస్ట్ ప్యాటులిన్‌ను విరగ్గొట్టేస్తుంది. అంటే పొద్దున తీసిన శాంపిల్ సాయంత్రం దాకా బండి మీద ఎండలో ఉంటే, ఉన్న విషం కూడా రిపోర్టులో తక్కువగా కనిపించొచ్చు. అందుకే శాంపిల్‌ను వెంటనే చల్లబరిచి, చల్లగానే ల్యాబ్‌కు చేర్చాలి.

ఆ తర్వాత పని ఇలా సాగుతుంది.

1. చిక్కగా, మసకగా ఉన్న జ్యూస్ అయితే పెక్టినేజ్ అనే ఎంజైమ్ కలిపి తేటపరుస్తారు.

2. ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకం కలిపి బాగా కుదుపుతారు. జ్యూస్‌లోని ప్యాటులిన్ ఆ ద్రావకంలోకి మారుతుంది. నీళ్ల మీద నూనె తేలినట్టు రెండు పొరలుగా విడిపోతాయి. పై పొరను తీసుకుంటారు.

3. అడ్డం వచ్చే ఇతర ఆమ్లాలను తీసేయడానికి సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడుగుతారు. ఇది చకచకా జరగాలి. క్షార గుణం ఉన్న ద్రావణంలో ప్యాటులిన్ ఎక్కువసేపు నిలవదు.

4. ద్రావకాన్ని ఆవిరి చేసి, మిగిలినదాన్ని కొద్దిగా ఆమ్లం కలిపిన నీటిలో కరిగిస్తారు.

5. దాన్ని హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలోకి ఎక్కిస్తారు. సన్నని గొట్టంలో ఒక్కో రసాయనం ఒక్కో సమయంలో బయటకు వస్తుంది. 276 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ప్యాటులిన్ ఎంత పీల్చుకుందో చూసి మొత్తం లెక్కిస్తారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. జ్యూస్‌ను వేడి చేసినప్పుడు పంచదారల నుంచి హెచ్‌ఎంఎఫ్ అనే మరో పదార్థం పుడుతుంది. యంత్రంలో అది ప్యాటులిన్‌కు చాలా దగ్గరగా బయటకు వస్తుంది. రెండింటినీ విడదీసి చూపించలేకపోతే మంచి జ్యూస్ కూడా ఫెయిల్ కావచ్చు. అనుమానం వస్తే ఎల్‌సీ-ఎంఎస్ అనే ఇంకా కచ్చితమైన యంత్రంతో నిర్ధారిస్తారు. అంతేకాదు, తెలిసిన మొత్తంలో ప్యాటులిన్ కలిపిన జ్యూస్‌ను కూడా పక్కనే పరీక్షించి, అందులో ఎంత తిరిగి దొరికిందో చూస్తారు. అది సరిగ్గా వస్తేనే మిగతా ఫలితాలకు విలువ.

'పాస్' అని వస్తే ఇక భయం లేదా? అసలు లెక్క ఇక్కడ మొదలు

జ్యూస్‌లో ఎంత ఉందో ల్యాబ్ చెబుతుంది. మనిషి ఒంట్లోకి ఎంత వెళ్తుందో తెలియాలంటే ఇంకో లెక్క చేయాలి. దాన్ని ఎక్స్‌పోజర్ అంచనా అంటారు. పేరు పెద్దదే గానీ లెక్క చిన్నదే.

జ్యూస్‌లో ఉన్న విషం × తాగిన పరిమాణం ÷ ఒంటి బరువు.

ఆహార విషాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్‌ఏఓ కలిసి నడిపే జెక్‌ఫా అనే నిపుణుల కమిటీ 1995లో ఒక హద్దు పెట్టింది. ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.4 మైక్రోగ్రాములు. ఎలుకల్లో కిలోకు రోజుకు 43 మైక్రోగ్రాముల దగ్గర హాని కనిపించలేదు. దాన్ని వందతో భాగించి ఈ హద్దును ఖరారు చేశారు. ఆ వంద రెట్ల తేడా మన రక్షణ కోసం వదిలిన జాగా.

ఇప్పుడు సరిగ్గా పరిమితి దగ్గర, అంటే 50 మైక్రోగ్రాములు ఉన్న జ్యూస్‌ను 200 మిల్లీలీటర్ల గ్లాసులో తాగారనుకుందాం. ఒంట్లోకి వెళ్లేది దాదాపు 10 మైక్రోగ్రాములు.

- 60 కిలోల పెద్ద మనిషికి రోజు హద్దు 24 మైక్రోగ్రాములు. అంటే సగం కూడా దాటలేదు.

- 25 కిలోల బడి పిల్లకు హద్దు 10 మైక్రోగ్రాములు. సరిగ్గా అంచున ఉంది.

- 15 కిలోల చిన్నారికి హద్దు 6 మైక్రోగ్రాములు. హద్దు దాటి ఒకటిన్నర రెట్ల పైనే.

చూశారా? అదే జ్యూస్, అదే గ్లాసు, ల్యాబ్‌లో 'పాస్' అయిన అదే సరుకు. తండ్రికి ఇబ్బంది లేదు, పక్కనే స్ట్రా పెట్టుకుని తాగుతున్న బిడ్డకు మాత్రం హద్దు దాటింది. పిల్లల జ్యూస్‌కు యూరప్ 10 మైక్రోగ్రాముల హద్దు ఎందుకు పెట్టిందో ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు అదే గ్లాసులో 2 మైక్రోగ్రాములే ఉంటాయి. 15 కిలోల చిన్నారి హద్దులో మూడో వంతు.

ఇక్కడ కంగారు పడాల్సిన పని లేదు. ఇది జీవితాంతం రోజూ తీసుకున్నా ఫర్వాలేదని పెట్టిన హద్దు. ఒక రోజు దాటితే ప్రాణాపాయం అని అర్థం కాదు. రోజూ అదే అలవాటైతేనే సమస్య.

మరి మచ్చ పండ్ల సంగతి? ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. బాగా కుళ్లిన కండలో ప్యాటులిన్ పరిమితికి వందల రెట్లు ఉండొచ్చు. కిలోకు 10 వేల మైక్రోగ్రాములు ఉందనుకోండి. అలాంటి కండ 20 గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లంత, లీటరు జ్యూస్‌లో కలిసిందనుకోండి. అందులో 200 మైక్రోగ్రాములు చేరినట్టే. మిగతా పండ్లన్నీ మేలైనవే అయినా ఆ లీటరు మొత్తం పరిమితికి నాలుగు రెట్లు అవుతుంది. ఒక గ్లాసుతో 60 కిలోల పెద్ద మనిషి కూడా రోజు హద్దు దాటేస్తాడు.

ఒక నగరం మొత్తానికి ఈ లెక్క వేయాలంటే పద్ధతిగా శాంపిళ్లు తీయాలి. ఏ వయసు వాళ్లు ఎంత తాగుతున్నారో అడగాలి. సగటు ఒక్కటే చూస్తే సరిపోదు. అందరికంటే ఎక్కువ తాగే ఐదు శాతం మందిని విడిగా చూడాలి. 'దొరకలేదు' అని వచ్చిన శాంపిళ్లలో విషం సున్నా అని ఒకసారి, యంత్రం పట్టుకోగలిగే కనీస మొత్తం ఉందని ఇంకోసారి లెక్కేసి, అసలు విలువ ఈ రెండింటి మధ్య ఉంటుందని చెబుతారు. పాల విషయంలో ఇలాంటి పెద్ద సర్వే మన దగ్గర జరిగింది. 2019లో బయటకు వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ జాతీయ సర్వేలో 6,432 పాల శాంపిళ్లు చూస్తే 368 శాంపిళ్లలో అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటింది. పశువుల దాణాకు పట్టిన బూజు పాల దాకా వచ్చిందన్నమాట.

1995లో దక్కన్ పల్లెల్లో ఏం జరిగింది?

బూజు విషం మన ప్రాంతానికి కొత్త కాదు. 1995లో అకాల వానలకు తడిసి బూజు పట్టిన జొన్న, మొక్కజొన్న తిని దక్కన్ పీఠభూమిలోని 27 గ్రామాల్లో జనం కడుపునొప్పి, కడుపులో గుడగుడలు, విరేచనాలతో బాధపడ్డారు. సికింద్రాబాద్‌కు కూతవేటు దూరంలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని పరిశోధించారు. ఆ ధాన్యంలో ఫ్యూమోనిసిన్ అనే బూజు విషం ఉందని తేల్చి 1997లో ప్రచురించారు.

అది జ్యూస్ కాదు, విషం కూడా వేరు. కానీ నేర్చుకోవాల్సిన విషయం ఒకటే. బూజు పట్టిన తిండి ఎప్పుడూ వేరే గింజలు కొనుక్కునే స్తోమత లేని ఇంటికే ముందు చేరుతుంది. మార్కెట్‌లో మచ్చ పండు కూడా అంతే. మేలైన పండు కోసుకుని తినేవాళ్ల ఇంటికి వెళ్తుంది. చవక పండు చవక జ్యూస్ అవుతుంది. ఆ చవక జ్యూస్‌ను రోజూ తాగేవాళ్లకే దాని భారం.

మిగతా జ్యూస్‌ల సంగతేంటి?

ప్యాటులిన్‌కు అసలు ఇల్లు యాపిలే. మన బండ్ల మీద ఎక్కువగా అమ్ముడయ్యే బత్తాయి, పైనాపిల్, పుచ్చకాయ జ్యూస్‌లలో ముందు చూసుకోవాల్సింది నీళ్లు, ఐస్, చేతుల శుభ్రత. ద్రాక్ష రసంలో ఓక్రాటాక్సిన్ ఏ అనే మరో బూజు విషం రావచ్చు. దానికి యూరప్ కిలోకు 2 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. పగిలిన, బూజు పట్టిన ద్రాక్షను రసానికి వాడకపోవడమే దానికీ మందు.

అనుమానం వస్తే ఏం చేయాలి?

ఆహార భద్రత చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం, కొనుక్కున్న ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు ఇస్తున్నామని కొనేటప్పుడే అమ్మేవాళ్లకు చెప్పాలి. సరుకు నిబంధనలకు విరుద్ధమని రిపోర్టు వస్తే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఫుడ్ ల్యాబొరేటరీ నాచారంలో ఉంది. ఏ ల్యాబ్‌కు వెళ్లినా 'మీ దగ్గర ప్యాటులిన్ పరీక్ష ఉందా' అని ముందే అడగండి. మామూలు కల్తీ పరీక్షల్లో ఇది బయటపడదు.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ శాంపిల్ తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి అనలిస్ట్‌కు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా, ఇంకొకటి వ్యాపారి కోరితే గుర్తింపు పొందిన ల్యాబ్‌కు వెళ్తాయి. అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. రిపోర్టు తప్పని అనిపిస్తే వ్యాపారి అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదులకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ నంబర్ 1800-112-100.

ఇంట్లో, బండి దగ్గర ఇవి గుర్తుంచుకోండి

- జ్యూస్ కోసం మచ్చ యాపిల్ కొనొద్దు. ఇంట్లో పండుకు మచ్చ వస్తే చుట్టూ రెండు సెంటీమీటర్లు వదిలి కోయండి. సగానికి పైగా పాడైతే పారేయండి.

- ప్రతి యాపిల్‌ను నిలువుగా కోసి గింజల గది చూడండి. నల్లగా, బూజుగా ఉంటే వాడొద్దు.

- కడగడం మానొద్దు. తొక్క మీది బూజు పొడి కొంతైనా పోతుంది.

- బండి దగ్గర "భయ్యా, పండు నా ముందే కోయ్" అని అడగండి. ముందే కోసి గిన్నెలో పెట్టిన ముక్కలు వద్దనండి.

- ప్యాకెట్ జ్యూస్ అయితే 14 అంకెల లైసెన్స్ నంబర్, తయారీ తేదీ చూడండి.

- రెండేళ్ల లోపు పిల్లలకు జ్యూస్ అసలు వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ 2019లో సూచించింది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు 125 మిల్లీలీటర్లు, ఆపై వయసు పిల్లలకు 250 మిల్లీలీటర్లు దాటొద్దని చెప్పింది. పంచదార, స్థూలకాయం గురించి చేసిన సూచన ఇది. ప్యాటులిన్ లెక్కకూ బాగా సరిపోతుంది. పరిమితి దగ్గర ఉన్న జ్యూస్‌ను 125 మిల్లీలీటర్లు తాగితే 6 మైక్రోగ్రాముల పైచిలుకు. 15 కిలోల చిన్నారి హద్దు కూడా దాదాపు అంతే.

- వీలైతే పండునే కోసి పెట్టండి. జ్యూస్ కంటే పండు మేలని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. కోసి పెట్టిన ముక్కలో మచ్చ ఉంటే కంటికి కనబడుతుంది. గ్లాసులో పోస్తే కనబడదు.

ఇక వ్యాపారులకు ఒక మాట. మచ్చ పండును పడేయడం నష్టమే. కానీ జ్యూస్ కోసం వేరు చేసే ఆ గంప దగ్గర ఒక్క నిమిషం ఆగి, బూజు పట్టినవి తీసేస్తే ఏ ల్యాబూ చేయలేని మేలు జరుగుతుంది. విషం ఎంత ఉందో ల్యాబ్ చెప్పగలదు. అది గ్లాసులోకి రాకుండా ఆపేది మాత్రం పండు ఏరే చేయే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. జ్యూస్ తాగాక వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు వస్తే, ముఖ్యంగా పిల్లలకు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను సంప్రదించండి.